ఇంట్లో అసెంబుల్ చేసుకున్న కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతుంటే లోపం ఏ భాగంలో ఉందో ఎలా తేల్చాలి

సొంతంగా భాగాలు కొని తెచ్చుకుని ఇంట్లోనే బిగించుకున్న కంప్యూటర్ పని మధ్యలో ఆగిపోతోంది, ఏ భాగం మార్చమంటారు అన్న ప్రశ్న పాఠకుల నుంచి మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. అడిగేవారిలో చాలామంది అప్పటికే విండోస్‌ను ఒకటికి రెండుసార్లు కొత్తగా ఎక్కించి, ఎవరో చెప్పారని ఒక భాగాన్ని మార్చి, డబ్బు పోయినా లోపం పోలేదని విసిగిపోయి ఉంటారు. బ్రాండ్ కంప్యూటర్ అయితే మొత్తాన్ని సర్వీస్ సెంటర్‌లో అప్పగించి రావచ్చు. విడిభాగాలతో కట్టుకున్న దానికి ఆ వెసులుబాటు లేదు. ఒక్కో భాగానికి ఒక్కో కంపెనీ, ఒక్కో వారంటీ. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒకే దుకాణంలో అన్నీ కొన్నా సరే, పాడైనది ఫలానా భాగమేనని మీరు చూపించగలిగితేనే పని త్వరగా జరుగుతుంది.

కింది వరుస ఖర్చు లేని పరీక్షలతో మొదలై ఖర్చుతో కూడిన వాటి వైపు సాగుతుంది. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి, ఫలితం చూసి, రాసుకుని, ఆ తరువాతే రెండో మార్పు చేయండి. ఒకేసారి ర్యామ్ తీసి పెట్టి, బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మదర్‌బోర్డులో మొదట నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసి, డ్రైవర్ మార్చిన వారికి కంప్యూటర్ బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. నెల తరువాత మళ్లీ మొదటికి వస్తే అన్నీ మళ్లీ చేయవలసిందే.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

అయస్కాంతపు మొన ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్, 8 జీబీ లేదా అంతకు మించిన పెన్‌డ్రైవ్, థర్మల్ పేస్ట్, పాత పేస్ట్ తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు పోగులు రాలని గుడ్డ, మదర్‌బోర్డుతో వచ్చిన పుస్తకం, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. మల్టీమీటర్ ఉంటే మంచిది. తెలిసినవారి దగ్గర నుంచి ఒకటి రెండు రోజులకు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే డబ్బా) గానీ ర్యామ్ గానీ అరువు దొరికే అవకాశం ఉంటే ముందే మాట్లాడి పెట్టుకోండి. చివరి దశలో అక్కరకు వస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో మెమ్‌టెస్ట్86 లేదా మెమ్‌టెస్ట్86 ప్లస్ (ర్యామ్ పరీక్షకు), హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి వంటి అంకెలు చూడటానికి), ప్రైమ్95, ఓసీసీటీ (ప్రాసెసర్ మీద బరువు వేయడానికి), ఫర్‌మార్క్ (గ్రాఫిక్స్ కార్డు మీద బరువు వేయడానికి), క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డిస్క్ ఆరోగ్యం చూడటానికి) కావాలి. ఇవన్నీ సొంత వాడకానికి ఉచితంగా దొరుకుతాయి. వీటిని ఆయా తయారీదారుల అసలు సైట్ల నుంచే దించుకోండి.

రెండు హెచ్చరికలు. మొదటిది, పరీక్షలు మొదలుపెట్టక ముందే ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి, ఎందుకంటే ర్యామ్ గానీ డిస్క్ గానీ చెడిపోయి ఉంటే ప్రతి క్రాష్‌తోనూ ఫైళ్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. రెండోది, కేబినెట్ తెరిచే ముందు ప్లగ్ పూర్తిగా పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, కేబినెట్ లోహపు భాగాన్ని చేత్తో తాకండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఏ కారణంతోనూ విప్పవద్దు. ప్లగ్ తీసేసిన తరువాత కూడా అందులోని కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు.

1. క్రాష్ ఏ తీరులో వస్తోందో గమనించి రాసుకోండి

‘ఆగిపోతోంది’ అన్న ఒక్క మాటలో నాలుగైదు వేర్వేరు జబ్బులు దాగి ఉంటాయి. అందువల్ల కనీసం రెండు మూడు క్రాష్‌లు జరిగేదాకా తేదీ, సమయం, అప్పుడు చేస్తున్న పని, తెర మీద కనిపించినది, శబ్దం ఏమైంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయా లేదా అన్నవి రాయండి.

కరెంటు పోయినట్టుగా ఒక్కసారిగా ఆరిపోతే ముందు అనుమానించవలసినవి ఇంటి కరెంటు, ఎస్‌ఎంపీఎస్, ప్రాసెసర్ వేడి. నీలి తెర వచ్చి, ప్రతిసారీ వేర్వేరు సందేశం చూపిస్తుంటే ర్యామ్ మీద అనుమానం బలపడుతుంది. ప్రతిసారీ ఒకే సందేశం, ఒకే డ్రైవర్ పేరు కనిపిస్తే లోపం హార్డ్‌వేర్‌ది కాకపోవచ్చు. తెర నల్లబడినా పాట గానీ అవతలివారి మాట గానీ వినిపిస్తూనే ఉంటే గ్రాఫిక్స్ కార్డు, దాని డ్రైవర్, దానికి వెళ్లే కరెంటు తీగల వైపు చూడండి. బొమ్మ బిగుసుకుపోయి, స్పీకర్లలో ఒకే ధ్వని గుర్రుమంటూ ఉండిపోతే ప్రాసెసర్, ర్యామ్, డిస్క్ మూడింటిలో ఏదైనా కావచ్చు. ఒక్క గేమ్ మాత్రమే మూసుకుపోయి, విండోస్ మామూలుగా నడుస్తుంటే ముందు ఆ గేమ్ ఫైళ్లను సరిచూసి, ఆ తరువాతే కేబినెట్ జోలికి వెళ్లండి. ఇవి అనుమానాలే తప్ప తీర్పులు కావు.

2. విండోస్ రాసి పెట్టుకున్నది చదవండి

నీలి తెర చదివేలోపే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంటే, సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ కింద స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్ తెరిచి, ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ అన్న దాని ఎదురుగా ఉన్న టిక్కు తీసేయండి. ఇకపై సందేశం తెర మీద నిలుస్తుంది. ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు.

తరువాత ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్ తెరిచి, క్రాష్ జరిగిన నిమిషం దగ్గర ఏముందో చూడండి. ఇక్కడ అందరూ తడబడేది ‘కెర్నల్ పవర్ 41’ దగ్గర. ఆ పేరులో పవర్ అన్న మాట ఉన్నందువల్ల ఎస్‌ఎంపీఎస్ పోయిందని నిర్ణయించుకుని కొత్తది కొనేవారు ఎందరో ఉన్నారు. నిజానికి ఆ సంఖ్యకు అర్థం ‘కిందటిసారి సక్రమంగా షట్‌డౌన్ కాలేదు’ అన్నంతవరకే; కారణం అందులో ఉండదు. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (నీలి తెర తప్పు సంఖ్య) సున్నాగా ఉంటే విండోస్‌కు ఏదీ నమోదు చేసే వ్యవధి దొరకలేదని గ్రహించండి. అంటే కరెంటు తెగడమో, మొత్తం బిగుసుకుపోవడమో జరిగి ఉంటుంది.

డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ పేరుతో వచ్చే నమోదులు మరింత విలువైనవి, ఎందుకంటే అవి హార్డ్‌వేరే స్వయంగా చేసిన ఫిర్యాదులు. 18వ సంఖ్య అంటే సరిదిద్దుకోలేని లోపం. ప్రాసెసర్, దాని వోల్టేజీ, ర్యామ్ వేగం వైపు చూపిస్తుంది. 17వ సంఖ్య పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో సరిదిద్దుకున్న తప్పు; గ్రాఫిక్స్ కార్డు లేదా ఎన్‌వీఎంఈ డిస్క్ (మదర్‌బోర్డుకే నేరుగా తగిలించే డిస్క్) సరిగా కూర్చోనప్పుడు, గ్రాఫిక్స్ కార్డును రైజర్ కేబుల్‌తో నిలువుగా పెట్టినప్పుడు తరచుగా వస్తుంది. డిస్‌ప్లే 4101 అంటే గ్రాఫిక్స్ డ్రైవర్ స్పందించడం మానేసి మళ్లీ తేరుకున్నదని అర్థం. డిస్క్ 7, 153, లేదా స్టోరేజ్ డ్రైవర్ నుంచి 129 వరుసగా కనిపిస్తే నేరుగా 9వ అంచెకు వెళ్లండి.

3. బయోస్‌ను మొదటి స్థితికి తీసుకురండి

నా అనుభవంలో సగానికి సగం ఫిర్యాదులు ఈ అంచెలోనే ముగుస్తాయి. ఎవరూ దీన్ని ముందుగా చేయరు; ఓవర్‌క్లాక్ చేయలేదు (నిర్దేశించిన వేగానికి మించి నడపలేదు) కదా, మాకు సంబంధం లేదనుకుంటారు. ర్యామ్ డబ్బా మీద రాసిన 3200, 3600, 6000 వంటి వేగాలు చాలావరకు దానికి పుట్టుకతో వచ్చినవి కావు. ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అన్న ప్రొఫైల్‌ను మీరు బయోస్‌లో ఆన్ చేసినప్పుడే అవి వస్తాయి, అదీ ఒక రకమైన ఓవర్‌క్లాకే. డీడీఆర్4 సాధారణంగా 2133 నుంచి 2666 మధ్య, తొలి తరం డీడీఆర్5 4800 దగ్గర మొదలవుతాయి.

బయోస్‌లోకి వెళ్లి ‘లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్’ ఎంచుకుని సేవ్ చేయండి. బయోస్ తెర కూడా రాకపోతే ప్లగ్ తీసి, మదర్‌బోర్డు మీద ఉన్న సీఆర్2032 బ్యాటరీని అయిదు నిమిషాలు బయట పెట్టి తిరిగి వేయండి. డీడీఆర్5 బోర్డులు ఈ మార్పు తరువాత మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు నల్ల తెరతోనే ఉండవచ్చు. కంగారుపడి మధ్యలో ఆపవద్దు.

ఇలా డిఫాల్ట్ వేగంతో క్రాష్‌లు పూర్తిగా ఆగిపోతే ఏ భాగమూ చెడిపోయి ఉండకపోవచ్చు. మీ ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ (ర్యామ్‌ను నడిపే భాగం) ఆ వేగాన్ని మోయలేకపోతున్నది. ఒక మెట్టు తగ్గించి, ఉదాహరణకు 3600 బదులు 3200తో, స్థిరంగా నడుస్తుందేమో చూడండి. నాలుగు ర్యామ్‌లు పెట్టినవారికి ఇది మరీ ముఖ్యం. రైజెన్ 7000 ప్రాసెసర్లకు నాలుగు డీడీఆర్5 ర్యామ్‌లతో ఏఎండీ అధికారికంగా చెప్పిన వేగం 3600 మాత్రమే; డబ్బా మీద 6000 ఉందని దుకాణదారుడితో వాదించి లాభం లేదు. రైజెన్‌లో కర్వ్ ఆప్టిమైజర్ అనే బయోస్ సెట్టింగ్‌తో వోల్టేజీ తగ్గించినవారు బరువైన పరీక్షలన్నీ నెగ్గి, ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ అవుతోందని ఆశ్చర్యపోతుంటారు. తేలికపాటి పనిలోనే ఒక్కో కోర్ అత్యధిక వేగానికి ఎగబాకుతుంది కాబట్టి, తగ్గించిన వోల్టేజీ చాలక అప్పుడే పడిపోతుంది.

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు, ముఖ్యంగా ఐ7, ఐ9 వాడుతున్నవారు బయోస్ తేదీని తప్పక చూసుకోవాలి. ఆ తరాల్లో అధిక వోల్టేజీ వల్ల ప్రాసెసర్ క్రమంగా క్షీణిస్తున్నదని ఇంటెల్ 2024లో అంగీకరించి, ఆగస్టు నుంచి దిద్దుబాటు మైక్రోకోడ్‌లను (బయోస్‌తో పాటు వచ్చే, ప్రాసెసర్ తీరును సరిచేసే ప్రోగ్రామ్‌లను) విడుదల చేసింది, డబ్బాలో అమ్మిన వాటికి వారంటీని మరో రెండేళ్లు పెంచింది. గేమ్ తెరుచుకునేటప్పుడు గ్రాఫిక్స్ మెమరీ చాలదన్న సందేశం రావడం దీని పేరుమోసిన లక్షణం. గ్రాఫిక్స్ కార్డు మార్చినా పోదు. కొత్త బయోస్ క్షీణతను అడ్డుకోగలదే తప్ప అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను బాగుచేయలేదు, దానికి వారంటీ కింద మార్పిడి అడగవలసిందే. క్రాష్ అవుతున్న కంప్యూటర్‌లో బయోస్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోతే మదర్‌బోర్డు మూగబోతుంది కాబట్టి, డిఫాల్ట్ సెట్టింగులతో, యూపీఎస్ మీద, విండోస్ నుంచి కాక బయోస్‌లోని సాధనంతోనే అప్‌డేట్ చేయండి.

4. గోడలోంచి వచ్చే కరెంటును తనిఖీ చేయండి

కేబినెట్‌ను తాకితే జివ్వుమంటున్నదా? అయితే ఎర్తింగ్ లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సరిచేయించకుండా తక్కిన పరీక్షలు చేయవద్దు, అది ప్రాణానికే ప్రమాదం. మల్టీమీటర్ వాడటం తెలిసినవారు ఫేజ్, న్యూట్రల్ మధ్య 230 వోల్టుల దరిదాపుల్లోనూ, ఫేజ్, ఎర్త్ మధ్య దాదాపు అంతే ఉన్నదా, న్యూట్రల్, ఎర్త్ మధ్య అతి స్వల్పంగా ఉన్నదా చూడవచ్చు. తెలియనివారు ఆ పని కూడా ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

తరువాత ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి, గోడ సాకెట్‌కే నేరుగా పెట్టి రెండు రోజులు నడపండి. మోటారు, ఫ్రిజ్, ఏసీ ఆన్ అయిన క్షణంలో క్రాష్ వస్తున్నదేమో మీ నోటు పుస్తకంలోని సమయాలతో పోల్చండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకు మారేటప్పుడే రీస్టార్ట్ అవుతుంటే అది కంప్యూటర్ జబ్బు కాదు. సరఫరా తెగినప్పుడు ఎస్‌ఎంపీఎస్ పూర్తి బరువు మీద సుమారు 16, 17 మిల్లీసెకన్లు మాత్రమే నెట్టుకురాగలదు. ఇంటి ఇన్వర్టర్లు మారడానికి అంతకంటే ఎక్కువ సమయం తీసుకోవచ్చు. చాలా ఇన్వర్టర్లకు వెనుక యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటుంది, దాన్ని ఆ వైపు పెట్టి చూడండి. 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్లే ఇస్తాయన్న సంగతి కూడా మరవకండి. గ్రాఫిక్స్ కార్డుతో గేమ్ నడుస్తుండగా కరెంటు పోతే అవి బరువు మోయలేక ఆరిపోతాయి.

5. కేబినెట్ తెరిచి ప్రతి బిగింపునూ చూడండి

ర్యామ్‌ను తీసి, బంగారు రంగు అంచును శుభ్రమైన గుడ్డతో తుడిచి, రెండు వైపులా టక్కుమనే దాకా నొక్కి పెట్టండి. రెండే ర్యామ్‌లు ఉంటే ఎక్కువ బోర్డుల్లో అవి ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టినప్పుడు రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే 8 పిన్నుల తీగ బోర్డు పై మూలన, 24 పిన్నుల తీగ పక్కన పూర్తిగా దిగాయో లేదో చేత్తో నొక్కి చూడండి. గ్రాఫిక్స్ కార్డు స్లాట్‌లో ఒక వైపు జారి ఉందేమో చూడండి. బరువైన కార్డులు నెలల తరబడి వేలాడి కొద్దికొద్దిగా కిందికి వంగుతాయి.

గ్రాఫిక్స్ కార్డుకు రెండు 8 పిన్నుల సాకెట్లు ఉంటే, ఒకే తీగకు ఉన్న రెండు కొసలను రెండింటికీ తగిలించకుండా ఎస్‌ఎంపీఎస్ నుంచి వేర్వేరు తీగలు వేయండి. కొత్త కార్డుల్లో ఉండే 16 పిన్నుల కనెక్టర్ చివరిదాకా దిగకపోతే కరిగిపోయే ప్రమాదం ఉంది. దాన్ని మొదలు దగ్గరే వంచకుండా కనీసం మూడున్నర సెంటీమీటర్లు నిటారుగా వదలండి.

మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ వాడేవారికి గట్టి హెచ్చరిక: పాత ఎస్‌ఎంపీఎస్ తీగలను కొత్తదానికి తగిలించవద్దు. కంప్యూటర్ వైపు కొసలు ఒకేలా ఉన్నా, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస కంపెనీకో తీరుగా, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కో తీరుగా ఉంటుంది. తప్పు తీగతో ఆన్ చేసిన క్షణంలోనే హార్డ్‌డిస్కులు మాడిపోవచ్చు.

6. ర్యామ్‌ను విడివిడిగా పరీక్షించండి

మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాంతోనే కంప్యూటర్‌ను బూట్ చేయండి. ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌లు (పూర్తి విడతలు) చేస్తుంది. 16 జీబీ, 32 జీబీలకు గంటల సమయం పడుతుంది కాబట్టి రాత్రి పెట్టి పడుకోవడం ఉత్తమం. విండోస్‌లో ఉండే మెమరీ డయాగ్నస్టిక్ తొందరగా ముగుస్తుంది గానీ చాలా లోపాలను పట్టుకోలేదు. అది ‘బాగుంది’ అన్నదని ర్యామ్‌ను వదిలేయకండి.

ఫలితం చదవడంలో ఒకే నియమం: ఒక్క తప్పు వచ్చినా తప్పే. ‘మొత్తం మీద రెండే ఎర్రర్లు కదా’ అన్న సర్దుబాటు ఇక్కడ చెల్లదు. తప్పు కనిపిస్తే ఇలా సాగండి.

మొదట ఒక ర్యామ్‌నే రెండో స్లాట్‌లో ఉంచి పరీక్షించి, అది తీసేసి అదే స్లాట్‌లో రెండో ర్యామ్‌ను పరీక్షించి, తరువాత నాలుగో స్లాట్‌లోనూ ఇలాగే చేయండి. వాటి మీద ఒకటి, రెండు అని కాగితపు చీటీ అంటించుకోకపోతే ఏది ఏదో మర్చిపోవడం ఖాయం. ఒక ర్యామ్ ఏ స్లాట్‌లో పెట్టినా తప్పులు చూపిస్తే ఆ ర్యామే దోషి. ఏ ర్యామ్ పెట్టినా ఒకే స్లాట్‌లో తప్పులు వస్తుంటే దోషం మదర్‌బోర్డు స్లాట్‌దో, ప్రాసెసర్ కింద వంగిన పిన్నుదో, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌దో అవుతుంది. కూలర్‌ను ఒక మూల మరీ గట్టిగా బిగించినా ఇలా జరుగుతుంది, ఆ నాలుగు స్క్రూలను వదులు చేసి సమంగా బిగించి మళ్లీ చూడండి. విడివిడిగా రెండూ నెగ్గి, కలిపి పెడితేనే తప్పులు వస్తే వేగం తగ్గించడమే మార్గం. వేర్వేరు సమయాల్లో కొన్న రెండు ర్యామ్‌లను జత చేసినవారికి ఇది సాధారణం.

ఈ పరీక్ష రెండుసార్లు చేయాలి, ఎక్స్‌ఎంపీ లేకుండా ఒకసారి, ఉంచి ఒకసారి. దోషి దొరికిన తరువాత విండోస్ ఫైళ్లను ‘ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ’ (sfc /scannow) కమాండ్‌తో సరిచేయించండి. అంతకుముందు మాత్రం విండోస్ కొత్తగా ఎక్కించవద్దు. చెడ్డ ర్యామ్ మీదుగా కాపీ అయిన విండోస్ పుట్టుకతోనే దెబ్బతిని ఉంటుంది, ఆ తరువాత ర్యామ్ మార్చినా క్రాష్‌లు ఆగక మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

7. వేడిని, ప్రాసెసర్‌ను కలిపి చూడండి

హెచ్‌డబ్ల్యూఇన్ఫోను సెన్సర్లు మాత్రమే చూపే విధంగా తెరిచి, లాగింగ్ ఆన్ చేసి, ప్రైమ్95లో స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ పరీక్షను పావుగంట నడపండి. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి 100 డిగ్రీలు, రైజెన్ 7000కు 95, రైజెన్ 5000కు సాధారణంగా 90 డిగ్రీలు హద్దు. ఆ హద్దు చేరగానే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుందే గానీ వెంటనే ఆరిపోదు. నిమిషంలోపే హద్దు దాటి కంప్యూటర్ ఆరిపోతే కూలర్ ఆనలేదని అర్థం. కూలర్ అడుగున ఉండే ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించినవారు మీరనుకున్న దానికంటే ఎక్కువమందే ఉన్నారు, ముందు అది చూడండి. నీటి కూలర్ అయితే పంపు తిరుగుతున్నదో లేదో దాని ఆర్‌పీఎం చూసి తేల్చుకోండి.

మన వేసవిని లెక్కలోకి తీసుకోవాలి. కూలర్ చేయగలిగినది గది వేడి కంటే కొన్ని డిగ్రీల పైన ప్రాసెసర్‌ను నిలపడం మాత్రమే కాబట్టి, డిసెంబరులో 25 డిగ్రీల గదిలో 78 చూపించిన ప్రాసెసర్ మే నెలలో 40 డిగ్రీల గదిలో 93 దాకా వెళుతుంది. చలికాలంలో బిగించి, అప్పుడు పరీక్షించి, ‘అన్నీ బాగున్నాయి’ అనుకున్న కంప్యూటర్ రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండాకాలం రాగానే మొండికేయడానికి కారణం ఇదే.

వేడి హద్దులోనే ఉండి, ప్రైమ్95లో ఒక వర్కర్ (ఒక కోర్ మీద నడిచే లెక్క) ‘రౌండింగ్’ తప్పు చూపి ఆగిపోతే ప్రాసెసర్ లెక్క తప్పుతోందన్నమాట. ర్యామ్ పరీక్ష ఇప్పటికే నెగ్గి, బయోస్ డిఫాల్ట్‌లో ఉండి కూడా ఇలా జరిగితే ప్రాసెసర్ మీదనో, దానికి వోల్టేజీ ఇచ్చే మదర్‌బోర్డు భాగం మీదనో గట్టిగా అనుమానించవచ్చు. ఏ కోర్‌కు చెందిన వర్కర్ ఆగిందో రాసుకోండి. ప్రతిసారీ ఒకే కోర్ అయితే మాట ప్రాసెసర్ వైపే మొగ్గుతుంది.

8. గ్రాఫిక్స్ కార్డా, ఎస్‌ఎంపీఎస్సా

అన్నిటికంటే చిక్కుముడి ఇదే. గేమ్ మొదలుకాగానే ఆరిపోతే రెండింటిలో ఏదైనా కావచ్చు, రెండూ ఖరీదైనవే.

ముందు డీడీయూ అనే సాధనంతో సేఫ్ మోడ్‌లో పాత గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పూర్తిగా తొలగించి, కొత్తది వేసి చూడండి. తరువాత ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాధనంలో గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్‌ను 60, 70 శాతానికి దించి అదే గేమ్ ఆడండి. క్రాష్‌లు ఆగిపోతే సంగతి కరెంటు రాకడకు సంబంధించినదని తెలుస్తుంది, కానీ ఎవరి తప్పో ఇంకా తేలదు. ఇప్పుడు ఫర్‌మార్క్‌ను పూర్తి పవర్‌తో పది నిమిషాలు నడపండి, వేడిని కనిపెట్టి ఉండండి. ఫర్‌మార్క్ నిలకడగా బరువు వేస్తుంది. గేమ్‌లలో బరువు క్షణంలో పదో వంతులో పెరిగి తగ్గుతుంటుంది. ఫర్‌మార్క్ నెగ్గి, గేమ్‌లో మాత్రం ఒక్కసారిగా ఆరిపోతే ఆ ఎగుడుదిగుళ్లను తట్టుకోలేక ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆపేసుకుంటున్నదని భావించవచ్చు. ఆరిపోయిన తరువాత వెనుక స్విచ్ ఆపి వేస్తే గానీ మళ్లీ లేవకపోతే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది. అలా కాక తెర మీద రంగురంగుల గళ్లు, చుక్కలు వస్తే, అవి బయోస్ తెరలో కూడా కనిపిస్తే, కార్డే పోయింది.

ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్నవారు కార్డును తీసేసి, మానిటర్ తీగను మదర్‌బోర్డుకే తగిలించి వారం రోజులు వాడి చూడటం మంచి ప్రత్యామ్నాయం. ఇంటెల్‌లో పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు.

24 పిన్నుల తీగలో ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపి ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరిగితే అది బాగున్నట్టేనన్న నమ్మకం వదులుకోండి. అది ఆన్ అవుతుందని మాత్రమే తెలుస్తుంది, బరువు మోయగలదని కాదు. మల్టీమీటర్‌తో చూసేవారు గేమ్ నడుస్తుండగా 12 వోల్టుల తీగ 11.4కు తగ్గకుండా, 12.6కు మించకుండా ఉందో లేదో చూడాలి. సాఫ్ట్‌వేర్ చూపే వోల్టేజీ అంకెలను మాత్రం నమ్మకండి, బోర్డును బట్టి అవి అసాధ్యమైన అంకెలు కూడా చూపిస్తాయి. నికరమైన తీర్పు మరో మంచి ఎస్‌ఎంపీఎస్‌ను, దాని సొంత తీగలతో, అరువు తెచ్చి వేసి చూసినప్పుడే వస్తుంది.

9. డిస్కులు

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో రంగు చూసి ఊరుకోకుండా అంకెలు చూడండి. హార్డ్‌డిస్క్‌లో పెండింగ్ సెక్టార్లు (చదవడం కష్టమవుతున్న చోట్లు), రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి పక్కన పెట్టిన చోట్లు) రోజురోజుకూ పెరుగుతుంటే డిస్క్ మార్చండి. సీఆర్‌సీ ఎర్రర్ల (తీగలో డేటా దెబ్బతిన్న సార్ల) సంఖ్య మాత్రమే పెరుగుతుంటే డిస్క్ కాదు, సాటా తీగ మార్చండి. ఖర్చు చాలా తక్కువ. తీగ మార్చినా పాత సంఖ్య తిరిగి సున్నాకు రాదు, ఇకపై పెరగకపోతే చాలు.

10. అయినా తేలకపోతే కనీస భాగాలతో నడపండి

మదర్‌బోర్డును కేబినెట్‌లోంచి తీసి, దాని అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్, తెర కోసం అవసరమైతే గ్రాఫిక్స్ కార్డు మాత్రమే కలిపి, పెన్‌డ్రైవ్‌లోంచి ఉబుంటును (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఇన్‌స్టాల్ చేయకుండానే నడపండి. యాంటీ స్టాటిక్ సంచి పైభాగం విద్యుత్తును ప్రసరింపజేయగలదు కాబట్టి బోర్డును దాని మీద పెట్టి ఆన్ చేయవద్దు. ఉబుంటులో కూడా ఆగిపోతే విండోస్ నిర్దోషి. బయట బాగా నడిచి, కేబినెట్‌లో పెట్టగానే ఆగిపోతే బోర్డు వెనుక అదనంగా మిగిలిపోయిన ఇత్తడి స్టాండ్‌ఆఫ్ (బోర్డును ఎత్తి పట్టే చిన్న స్తంభం) ఎక్కడో తగులుతూ ఉండవచ్చు. బోర్డులో స్క్రూ రంధ్రం లేని చోట ఉన్న స్టాండ్‌ఆఫ్‌ను తీసేయండి. ముందు ప్యానెల్‌లోని యూఎస్‌బీ సాకెట్ వంగి షార్ట్ అవుతున్నా ఇలాగే ఉంటుంది.

ఆన్ కానే కాకపోతే బోర్డు మూలన సీపీయూ, డ్రామ్, వీజీఏ, బూట్ అని రాసి ఉన్న చిన్న లైట్లలో ఏది వెలిగి నిలిచిపోయిందో చూడండి. ఇక్కడికి వచ్చాక కూడా దోషి తేలకపోతే మిగిలినవి రెండే, మదర్‌బోర్డు, ప్రాసెసర్. ప్రాసెసర్లు పాడవడం అరుదు, పైన చెప్పిన ఇంటెల్ తరాలు మినహాయింపు. కాబట్టి తక్కినవారు ముందు మదర్‌బోర్డును మార్చి చూడటం న్యాయం. మార్చే ముందు సాకెట్‌లోని పిన్నులను ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి, వరుస తప్పినవి ఉన్నాయేమో చూడండి.

నిజంగా బాగుపడిందా అని సరిచూసుకోవడం

ఒక రోజు క్రాష్ రాలేదని ఊరట పడకండి. ఇదివరకు సగటున ఎన్ని రోజులకు ఒకసారి వచ్చేదో మీ నోటు పుస్తకంలో ఉంది. దానికి కనీసం మూడు నాలుగు రెట్ల కాలం నిర్విఘ్నంగా నడిచాకే లోపం పోయిందని నమ్మండి. రెండు రోజులకు ఒకసారి వచ్చేదైతే వారం పైన, వారానికి ఒకసారి వచ్చేదైతే నెల. ఆ కాలంలో విండోస్‌లోని రిలయబిలిటీ హిస్టరీ తెరిచి ఎర్ర గుర్తులు, ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ నమోదులు కొత్తగా చేరలేదని చూడండి. కుదిరితే తీసేసిన అనుమానిత భాగాన్ని ఒకసారి తిరిగి పెట్టి, క్రాష్ మళ్లీ వస్తున్నదని రూఢి చేసుకోండి. విసుగనిపించే పనే, కానీ తీసి పెట్టడం వల్ల వదులు బిగింపు సరిపడి బాగయిందా, భాగం నిజంగా చెడిందా అన్నది తేల్చేది ఇదొక్కటే.

వారంటీకి పంపేటప్పుడు

బిల్లు, సీరియల్ నంబర్ స్టిక్కర్ ఫొటో, పరీక్షలో వచ్చిన ఎర్రర్ తెర ఫొటో, ఏ స్లాట్‌లో ఏ వేగంతో పరీక్షించారో రెండు వాక్యాలు జత చేయండి. ‘ఆగిపోతోంది’ అని మాత్రమే రాసి ఇస్తే, వారు పది నిమిషాలు నడిపి చూసి, లోపం లేదని తిప్పి పంపే అవకాశం ఎక్కువ. జతగా కొన్న ర్యామ్‌లలో ఒక్కటే చెడినా సాధారణంగా రెండూ పంపమంటారు, ఆ కొన్ని వారాలు కంప్యూటర్ నడవడానికి ఏర్పాటు చూసుకోండి. మదర్‌బోర్డును పంపుతుంటే ముందుగా సాకెట్‌లోని పిన్నులు సరిగా ఉన్నట్టు ఫొటో తీసి, ఆ తరువాత సాకెట్ మీద ప్లాస్టిక్ మూత పెట్టి, ఫొటోను తేదీతో సహా దాచుకోండి. పిన్నులు వంగి ఉన్నాయని వారంటీ నిరాకరించినప్పుడు మీ చేతిలో ఉండే ఆధారం అదే.